పసుపు గీత ఎవరు గీస్తున్నారు?

2018 ఆగస్టులో మా నాన్నగారు మొదటిసారి అమెరికా వచ్చారు. గుంటూరు జిల్లాలో సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. రోజంతా ఎండలో పొలాల గట్ల మీద తిరిగినవారికి న్యూజెర్సీలో మా అపార్టుమెంటు ఎంత ఇరుకుగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వారాంతం వచ్చిందంటే నాతోపాటు టీవీ ముందు కూర్చునేవారు. సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ నడుస్తోంది. కాసేపు మౌనంగా చూసి అడిగారు:

"ఒరేయ్, ఆ పసుపు గీత మీద అంతమంది పడి దొర్లుతున్నారు కదా, అది చెరిగిపోవట్లేదేం? మాటిమాటికీ చోటు మారుతోంది కూడా. ఎవరు గీస్తున్నారు?"

నవ్వొచ్చింది కానీ, ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. మనలో చాలామందిమి ఆ గీతని ఏళ్ళ తరబడి చూస్తున్నాం. కోడు రాసి బతికేవాళ్ళం కూడా. ఆటగాడి కాలు గీత మీద పడితే కాలు పైన, గీత కింద కనిపిస్తుంది. కెమెరా తిరిగినా గీత నేలకి అంటుకుని ఉంటుంది. ఇదెలా సాధ్యమని ఎప్పుడైనా ఆలోచించారా? ఆ రాత్రి నాన్నగారికి చెప్పిన పాఠమే ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు ఆయన నాకు నేర్పిన పాఠం కూడా చెప్పాలి. ఎందుకంటే సరిగ్గా మూడు వారాల ముందు నేనూ ఒక గీత గీసి, ఒక పెద్దమనిషిని నొప్పించి ఉన్నాను.

మొదటి రకం: గాజు మీద గీత

తెర మీద గీతలు మూడు రకాలు. మొదటిది అందరికీ తెలిసినదే. వ్యాఖ్యాత బొమ్మని ఆపి, వేలితోనో కలంతోనో సున్నాలూ బాణాలూ గీసి "ఇదిగో, ఇతను ఇటు పరిగెత్తాడు" అని చెప్పడం. దీన్ని టెలిస్ట్రేటర్ అంటారు. దీన్ని కనిపెట్టినాయన లెనర్డ్ రీఫెల్ అనే భౌతిక శాస్త్రవేత్త. షికాగోలో టీవీలో సైన్సు కార్యక్రమాలు చేసే రోజుల్లో, బొమ్మ మీద గీసి చూపిస్తే తప్ప విషయం బుర్రకెక్కదని దీన్ని తయారుచేశాడు. (చంద్రుడి మీద అణుబాంబు పేలిస్తే ఏమవుతుందని 1958 ప్రాంతాల్లో అమెరికా వైమానిక దళం రహస్యంగా చేయించిన అధ్యయనానికి నాయకుడు కూడా ఈయనే!)

ఈ పరికరానికి ఇంటింటా పేరు తెచ్చింది మాత్రం జాన్ మ్యాడెన్. ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేసి వ్యాఖ్యాతగా మారిన మ్యాడెన్, 1982 జనవరిలో జరిగిన 16వ సూపర్ బౌల్‌లో సీబీఎస్ ఛానల్ కోసం దీన్ని వాడాడు. అప్పటిదాకా ప్రేక్షకుడు బంతి వెనకే చూసేవాడు. బంతికి దూరంగా ఇద్దరు బలిష్ఠులు ఒకర్నొకరు తోసుకోవడం వల్ల దారెలా ఏర్పడిందో మ్యాడెన్ రెండు వంకర గీతల్లో చూపించేవాడు. అంటే టెక్నాలజీ కొత్త బొమ్మ ఏదీ చూపించలేదు. ఉన్న బొమ్మలో ఎక్కడ చూడాలో చెప్పింది, అంతే.

సాంకేతికంగా ఇది చాలా తేలిక. గీత తెర కొలతల్లో ఉంటుంది. తెర మీద 300వ అడ్డు పిక్సెల్, 200వ నిలువు పిక్సెల్ దగ్గర గీసింది అక్కడే ఉంటుంది. కెమెరా కదిలితే కింద మైదానం కదిలిపోతుంది కానీ గీత కదలదు. కారు అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీసినట్టన్నమాట. అందుకే బొమ్మని ఆపి గీస్తారు. పైగా ఇది వ్యాఖ్యాత చేత్తో గీశాడని చూసేవాడికి తెలుసు. వంకరగా ఉంటుంది కాబట్టి "ఇది ఆయన అభిప్రాయం" అనే అనుకుంటాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

రెండో రకం: నేలకి అంటుకునే గీత

నాన్నగారు అడిగింది ఈ రెండో రకం గురించి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక జట్టుకి నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకి వెళ్ళాలనేది లెక్క. ఆ 10 గజాల హద్దు ఎక్కడుందో పసుపు గీత చూపిస్తుంది. మైదానం పక్కన ఇద్దరు మనుషులు 10 గజాల గొలుసు కట్టిన కర్రలు పట్టుకుని నిలబడి ఉండటం చూసి నాన్నగారికి ప్రాణం లేచొచ్చింది. "గొలుసా! ఈ దేశంలో ఇంకా గొలుసుతో కొలుస్తున్నారా?" అన్నారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు చేతికిచ్చింది గంటర్ గొలుసు. 66 అడుగులు, 100 లింకులు. అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవు సరిగ్గా ఒక గొలుసని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఈ గీత తొలిసారి టీవీలో కనిపించింది 1998 సెప్టెంబరు 27న, ఈఎస్‌పీఎన్ ప్రసారం చేసిన సిన్సినాటి, బాల్టిమోర్ జట్ల మ్యాచ్‌లో. చేసిన సంస్థ స్పోర్ట్‌విజన్. దాని వ్యవస్థాపకుల్లో స్టాన్ హనీ అనే ఇంజినీరు ఉన్నాడు. ఈయన చరిత్ర సరదాగా ఉంటుంది. 1980ల్లోనే ఈటాక్ అనే కంపెనీ పెట్టి, జీపీఎస్ ఇంకా మనదాకా రాని రోజుల్లో కారులో దారి చూపించే పరికరం అమ్మాడు. తర్వాత ఫాక్స్ ఛానల్ కోసం 1996లో ఐస్ హాకీలో పక్‌కి నీలం రంగు వెలుగు తొడిగాడు. పక్ వేగం గంటకి 70 మైళ్ళు దాటితే ఎర్ర తోక కూడా వచ్చేది. హాకీ అభిమానులకి అది అస్సలు నచ్చలేదు. 1998 తర్వాత తీసేశారు. అదే సమూహం తెచ్చిన పసుపు గీతని మాత్రం జనం నెత్తిన పెట్టుకున్నారు. నా ఉద్దేశంలో కారణం ఒక్కటే. పక్ ఎక్కడుందో హాకీ అభిమానికి ముందే తెలుసు. 10 గజాల హద్దు ఎక్కడుందో మాత్రం టీవీ చూసే ఎవరికీ తెలిసేది కాదు. లేనిదాన్ని తెచ్చిపెట్టింది కాబట్టి అది నిలబడింది.

సరే, అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందులో నాలుగు మెట్లున్నాయి.

ఒకటి, మైదానాన్ని కొలవాలి. ఫుట్‌బాల్ మైదానం చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ, వాన నీరు పక్కలకి పోవడానికి నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా కడతారు. చదునని అనుకుని గీత గీస్తే అది నేలలోకి దిగినట్టో, గాలిలో తేలినట్టో కనిపిస్తుంది. అందుకని ఆటకి ముందే లేజర్ పరికరంతో మైదానం ఎత్తుపల్లాలు కొలిచి కంప్యూటర్లో త్రీడీ నమూనా తయారుచేస్తారు. "మేము లెవెలింగ్ చేసినట్టే," అన్నారు నాన్నగారు. అచ్చంగా అంతే.

రెండు, కెమెరా ఎటు చూస్తోందో తెలియాలి. గీత కనిపించాల్సిన ప్రతి కెమెరా స్టాండుకీ ఎన్‌కోడర్లు బిగిస్తారు. కెమెరా ఎడమ కుడిలకి ఎంత తిరిగింది, పైకి కిందికి ఎంత వంగింది, జూమ్ ఎంత, ఫోకస్ ఎంత అనే అంకెలు ప్రతి ఫ్రేముకీ, అంటే సెకనుకి 30 సార్లు, ట్రక్కులోని కంప్యూటర్లకి చేరతాయి. లెన్సు అంచుల దగ్గర బొమ్మని కొంచెం వంచుతుంది కాబట్టి ఆ వంపుని కూడా ముందే కొలిచి ఉంచుకుంటారు.

మూడు, మైదానం కొలతల్లో ఉన్న గీతని తెర కొలతల్లోకి మార్చాలి. "35వ గజం" అని ఆపరేటరు నొక్కుతాడు. ఆ గీత ఈ ఫ్రేములో ఏ పిక్సెళ్ళ మీద పడుతుందో కంప్యూటరు లెక్కగడుతుంది.

నాలుగోది అన్నిటికంటే అందమైనది. ఆ పిక్సెళ్ళలో ఏవి గడ్డి, ఏవి మనుషులు? ఇక్కడ వాతావరణ వార్తల్లో వాడే రంగుల కిటుకే వాడతారు. గడ్డి రంగులన్నీ ఒక జాబితా, చొక్కాలు, బూట్లు, చర్మం రంగులు ఇంకో జాబితా. పిక్సెల్ రంగు మొదటి జాబితాలో ఉంటే పసుపు పూస్తారు, రెండో జాబితాలో ఉంటే వదిలేస్తారు. అందుకే గీత ఆటగాడి కాలి కింద ఉన్నట్టు కనిపిస్తుంది. చెప్పడానికి తేలికే కానీ, గ్రీన్ బే జట్టు వేసుకునే ముదురాకుపచ్చ చొక్కాలు, బురదలో దొర్లిన మనిషి, సాయంత్రం సగం మైదానం మీద పడిన నీడ, మంచు, ఇవన్నీ కలిస్తే ఎంత తలనొప్పో ఊహించండి. ఆపరేటరు ఆట పొడుగునా ఆ జాబితాల్ని సరిచేస్తూనే ఉండాలి. ఇదంతా ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లలో అయిపోవాలి. ఆ లెక్కకి పట్టే సమయానికి సరిపడా బొమ్మని కొంచెం ఆలస్యం చేసి, రెండూ కలిపి బయటికి పంపుతారు.

ఇదే స్టాన్ హనీ 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికాస్ కప్ పడవ పందేలకి ఈ పద్ధతిని నీటి మీదకి తీసుకెళ్ళాడు. అక్కడ నేలే లేదు, కెమెరా ఏమో ఎగిరే హెలికాప్టర్లో ఉంది! పడవల చోటుని 2 సెంటీమీటర్ల తేడాలోపు కొలిచే జీపీఎస్‌తో పని జరిపించాడు. ఈతపోటీల్లో ప్రపంచ రికార్డు గీత ఈతగాడి ముందు నీళ్ళ మీద జరుగుతూ పోవడం మీరు చూసే ఉంటారు. అది కూడా ఈ కుటుంబంలోదే.

మూడో రకం: జరగనిదాన్ని గీసే గీత

మూడోది మన క్రికెట్ వాళ్ళందరికీ పరిచయమే. 2001 మేలో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టులో చానల్ 4 ప్రసారంలో హాక్-ఐ మొదటిసారి కనిపించింది. ఇంగ్లండులో పాల్ హాకిన్స్ దీన్ని తయారుచేశాడు. మైదానం చుట్టూ ఉన్న కెమెరాలు బంతిని వేర్వేరు కోణాల నుంచి చూస్తాయి. రెండు కెమెరాల చూపులు ఎక్కడ కలుస్తాయో అక్కడ బంతి ఉన్నట్టు. ఇలా ఫ్రేము తర్వాత ఫ్రేము కలిపితే బంతి దారి వస్తుంది. ఇంతవరకూ కొలతే. ప్యాడ్‌కి తగిలాక ఆ బంతి ఎటు వెళ్ళి ఉండేదో గీసి చూపించడం మాత్రం కొలత కాదు, అంచనా. తెర మీద రెండూ ఒకే రంగు గీతగా, ఒకే నునుపుతో కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

2011 మార్చి 30న మొహాలీ సెమీఫైనల్ గుర్తుందా? సచిన్ 23 పరుగుల దగ్గర సయీద్ అజ్మల్ బంతికి ఎల్బీడబ్ల్యూ అని అంపైర్ ఇయాన్ గౌల్డ్ వేలెత్తాడు. రివ్యూ అడిగితే బంతి లెగ్ స్టంప్ పక్కనుంచి పోతుందని తెర చెప్పింది. సచిన్ 85 కొట్టాడు, మనం గెలిచాం. ఆ రోజు ఆ గీతని మనలో ఎవరం అనుమానించలేదు. తమాషా ఏమిటంటే, ఆ గీతని నమ్మలేమని ఏళ్ళ తరబడి వాదించింది మన బోర్డే. 2008లో శ్రీలంకలో ప్రయోగాత్మకంగా వాడినప్పుడు ఎదురైన అనుభవం తర్వాత ద్వైపాక్షిక సిరీస్‌లలో దాన్ని దూరంగా ఉంచుతూ వచ్చి, చివరికి 2016 నవంబరులో ఇంగ్లండు సిరీస్‌తో ఒప్పుకుంది.

2008లోనే కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన హారీ కాలిన్స్, రాబర్ట్ ఎవన్స్ అనే ఇద్దరు ఒక పరిశోధనా వ్యాసం రాశారు. ఇలాంటి పరికరాలు తమ అంచనాలో ఎంత పొరపాటుకి అవకాశముందో చూపించకుండా ఒకే ఒక్క స్పష్టమైన బొమ్మ చూపిస్తే, జనం దాన్ని జరిగిన నిజమనుకుంటారని వాళ్ళ వాదన. మన క్రికెట్‌లో 'అంపైర్స్ కాల్' అనే నిబంధన ఎంత విసుగు పుట్టించినా, ఈ కోణంలో చూస్తే అది చాలా నిజాయితీ అయిన డిజైను. బంతిలో సగం కంటే తక్కువ భాగం వికెట్లకి తగులుతుందని అంచనా వస్తే, యంత్రం "నాకు అంత నమ్మకం లేదు, మైదానంలో ఉన్న మనిషి చెప్పిందే ఉంచండి" అంటుంది. నేను ఈ సంగతి అర్థం చేసుకోకుండానే ఒక గీత గీశాను. ఇక ఆ కథ చెబుతాను.

నేను గీసిన గీత

మా ఊళ్ళో వారాంతాల్లో మనవాళ్ళు టెన్నిస్ బంతితో ఆడే చిన్న లీగు ఉంది. పార్కులో గడ్డి మీద మ్యాటింగు పరిచి ఆడతాం. సెప్టెంబరు మొదట్లో సెమీఫైనల్. చివరి ఓవర్లో అవతలి జట్టు బ్యాట్స్‌మన్ రెండో పరుగుకి వచ్చాడు, మా కీపర్ బెయిల్స్ లేపాడు. అంపైరు నాటౌట్ అన్నారు. మేము ఓడిపోయాం.

ఆ అంపైరుకి యాభై అయిదు దాటి ఉంటాయి. తెనాలి మనిషి. అందరం బాబాయ్ అనే పిలుస్తాం. పైసా తీసుకోకుండా ఏడేళ్ళుగా ప్రతి శనివారం ఎండలో నిలబడి అంపైరింగు చేస్తున్నారు.

అప్పటికి నాకు కంప్యూటర్ విజన్ నేర్చుకోవాలని కొత్తగా ఉత్సాహం. ఆ మ్యాచ్ మొత్తం మధ్య వికెట్‌కి ఎదురుగా, పిచ్‌కి 30 మీటర్ల దూరంలో మూడుకాళ్ళ స్టాండు మీద ఫోను పెట్టి రికార్డు చేశాను. మ్యాటింగు మీద సున్నం గీత అప్పటికే బూట్ల కింద అరిగిపోయింది. ఏముంది, గీత నేనే గీస్తాననుకున్నాను.

పద్ధతి చెబుతాను, మీరూ చేయొచ్చు. కెమెరా కదలకుండా ఉండి, నేల చదునుగా ఉంటే ఎన్‌కోడర్లూ లేజర్లూ అక్కర్లేదు. నేల మీది ఏ బిందువునైనా తెర మీది బిందువుగా మార్చేది తొమ్మిది అంకెల మాత్రిక. దీన్ని హోమోగ్రఫీ అంటారు. మొత్తాన్ని ఒకే అంకెతో గుణించినా ఫలితం మారదు కాబట్టి తెలియనివి ఎనిమిదే. తెలిసిన ఒక్కో బిందువు రెండు సమీకరణాలిస్తుంది. కాబట్టి ఏ మూడూ ఒకే వరసలో లేని నాలుగు బిందువులు చాలు. నేను మ్యాటింగు నాలుగు మూలల మధ్య దూరాలు టేపుతో కొలిచి, మొదటి ఓవర్లోని ఒక ఫ్రేములో ఆ మూలల మీద క్లిక్ చేశాను. మిగతాది ఓపెన్‌సీవీలో ఒక్క ఫంక్షన్. స్టంపుల వరసకి 1.22 మీటర్ల ముందు పాపింగ్ క్రీజు. దాన్ని మార్చి తెర మీద పసుపు గీతగా వేశాను. యాభై లైన్ల కోడు కూడా కాలేదు.

గీత చక్కగా వచ్చింది. బెయిల్స్ లేచిన ఫ్రేములో బ్యాటు కొస గీతకి 10 సెంటీమీటర్లు ఇవతలే ఉంది. ఔట్! ఆ రాత్రే వీడియో అందరికీ పంపించాను. "టీవీలో వచ్చినట్టే ఉంది" అని మెచ్చుకున్నారు. తర్వాతి శనివారం కుర్రాళ్ళు బాబాయ్ ముందు కళ్ళజోడు సైగలు చేశారు. ఒకరిద్దరు ఇంకాస్త ముందుకి వెళ్ళి అనకూడని మాటే అన్నారు. ఆయన ఏమీ అనలేదు. ఆ మ్యాచ్ అయ్యాక తెల్ల కోటు మడతపెట్టి కీపర్ చేతికిచ్చి, "ఇక నుంచి ఎవరినైనా చూసుకోండి" అని వెళ్ళిపోయారు.

నాన్నగారి ప్రశ్న

ఇదిగో, ఈ వీడియోనే ఆ ఆదివారం రాత్రి గర్వంగా నాన్నగారికి చూపించాను. ఆయన రెండుసార్లు చూశారు.

"నాలుగు రాళ్ళు పట్టుకుని పటం గీశావు. బాగుంది. అయిదో రాయి ఏదిరా?"

అర్థం కాలేదన్నాను.

"గొలుసుతో కొలిచేటప్పుడు పటానికి కావలసిన గీతలు కాక, ఒక గీత ఎక్కువ కొలుస్తాం. సరిచూసుకోడానికి. అది పటంలో కలిస్తే సరే, కలవకపోతే ఎక్కడో రాయి జరిగిందని అర్థం. నువ్వు మొదటి ఓవర్లో కొలిచావు. రనౌట్ చివరి ఓవర్లో. మధ్యలో నీ స్టాండు కదల్లేదని ఏమిటి సాక్ష్యం?"

నా గుండె గుభేలుమంది. పన్నెండో ఓవర్లో ఫోను ఛార్జింగు అయిపోతుంటే పవర్ బ్యాంకు కేబులు గుచ్చింది నేనే.

అప్పటికప్పుడు లాప్‌టాప్ తెరిచాను. మొదటి ఓవరు ఫ్రేమూ చివరి ఓవరు ఫ్రేమూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, వెనకున్న దీపస్తంభం సుమారు డజను పిక్సెళ్ళు పక్కకి జరిగి ఉంది. డిగ్రీలో మూడో వంతు. చేతికి తెలియనంత కదలిక. కానీ 31 మీటర్ల దూరంలో ఉన్న క్రీజు దగ్గర అది దాదాపు 19 సెంటీమీటర్లు! చివరి ఓవరు ఫ్రేములో మూలలు మళ్ళీ గుర్తుపెట్టి గీత గీస్తే, బ్యాటు 9 సెంటీమీటర్లు లోపలుంది.

"అయితే నాటౌటే కదా, అంపైరు కరెక్టే," అన్నారు నాన్నగారు. నేనూ అలాగే అనుకుని ఊరట పడ్డాను. కానీ ఈసారి తొందరపడకుండా మిగతా పొరపాట్లు కూడా లెక్కవేద్దామని కూర్చున్నాను. ఆ జాబితా ఇది:

మొదటిది, క్లిక్కు. 30 మీటర్ల వెడల్పు 1920 పిక్సెళ్ళలో పడితే ఒక్కో పిక్సెల్ దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు. మూల మీద క్లిక్ చేయడంలో ఒకటి రెండు పిక్సెళ్ళ తేడా తప్పదు.

రెండోది, కాలం. ఫోను సెకనుకి 30 ఫ్రేములు తీసింది. సెకనుకి 6 మీటర్ల వేగంతో పరిగెత్తే మనిషి ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 20 సెంటీమీటర్లు వెళతాడు. బెయిల్స్ సరిగ్గా ఏ క్షణంలో లేచాయో రెండు ఫ్రేముల మధ్య దాగి ఉంది.

మూడోది, ఎత్తు. హోమోగ్రఫీ నేల మీది బిందువులకే వర్తిస్తుంది. బ్యాటు గాలిలో ఉంటే లెక్క తప్పుతుంది. నా కెమెరా 2 మీటర్ల ఎత్తులోనే ఉంది, క్రీజుకి సూటిగా కాకుండా పక్కగా ఉంది. లెక్కవేస్తే బ్యాటు నేలకి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నా, అది అసలు ఉన్న చోటు కంటే దాదాపు 9 సెంటీమీటర్లు ఎక్కువ లోపలున్నట్టు కనిపిస్తుంది. టీవీ వాళ్ళు రనౌట్ కెమెరాని సరిగ్గా క్రీజు వరసలో ఎందుకు పెడతారో అప్పుడు తెలిసింది. అక్కడి నుంచి చూస్తే ఎత్తు వల్ల వచ్చే తేడా క్రీజు పొడుగునా జరుగుతుంది తప్ప, లోపలికీ బయటికీ జరగదు.

ఇవన్నీ కలిపితే తేలింది ఏమిటి? ఔటా, నాటౌటా? నా వీడియోకి తెలియదు. మొదట 10 సెంటీమీటర్లు బయట అన్నప్పుడూ తెలియదు, తర్వాత 9 సెంటీమీటర్లు లోపల అన్నప్పుడూ తెలియదు. క్రీజు పక్కన నిలబడి చూసిన మనిషి ఒక్కరికే తెలిసే అవకాశం ఉంది. ఆయన్నే మేము పంపించేశాం.

ఇది పెద్దవాళ్ళకీ ఉన్న ఇబ్బందే. సాకర్‌లో ఆఫ్‌సైడ్ గీతలు వచ్చిన కొత్తలో సెకనుకి 50 ఫ్రేముల బొమ్మల మీద మిల్లీమీటర్ల వరకూ తేల్చేవారు. సెకనుకి 7 మీటర్ల వేగంతో పరిగెత్తే ఆటగాడు ఒక ఫ్రేములో 14 సెంటీమీటర్లు వెళతాడు. బంతిని ఏ క్షణంలో తన్నారన్నదే అసలు ప్రశ్న. 2022లో కతార్ ప్రపంచకప్‌లో 12 ప్రత్యేక కెమెరాలతో పాటు, బంతి లోపల సెకనుకి 500 సార్లు సమాచారం పంపే సెన్సర్ పెట్టింది అందుకే. 2025 వింబుల్డన్‌లో లైన్ జడ్జీలని పూర్తిగా తీసేసి యంత్రాలని పెడితే, ఒక మ్యాచ్‌లో కోర్టులో ఒక పక్క వ్యవస్థని ఎవరో పొరపాటున ఆపేయడంతో స్పష్టంగా బయట పడిన బంతికి పిలుపే రాలేదు. లెక్క తప్పు కాదు, మీట తప్పు. నా పవర్ బ్యాంకు కేబులు లాగానే.

నాన్నగారు మెచ్చుకున్న గొలుసు సంగతి కూడా చెప్పాలి. 2018లో పసుపు గీత కేవలం ప్రేక్షకుల కోసం. తీర్పు గొలుసుదే. 2025 సీజన్ నుంచి 10 గజాల కొలత తేల్చడానికి ఎన్ఎఫ్ఎల్ హాక్-ఐ కెమెరాలనే ముందు వాడుతోంది. గొలుసుని మాత్రం పారేయలేదు. కెమెరాలు మొరాయిస్తే వాడటానికి పక్కనే ఉంచారు. ఫోన్లో ఈ మాట చెబితే నాన్నగారు "అయిదో రాయి!" అన్నారు.

మీరు గీసేముందు

ఈ చదువంతా అయ్యాక, ఇలాంటి ప్రయోగాలు చేసే మిత్రులకి నేను చెప్పగలిగినవి ఇవి. నాలుగు బిందువులతో లెక్క కట్టి, అయిదో బిందువుతో సరిచూడండి. అది సెంటీమీటర్లలో ఎంత తప్పిందో రాసిపెట్టుకోండి. కదలని దీపస్తంభమో, గోల్ పోస్టో ఒకటి ఎప్పుడూ ఫ్రేములో ఉంచుకుని, తీర్పు చెప్పే ఫ్రేములో అది అదే పిక్సెల్ దగ్గరుందో లేదో చూడండి. కెమెరా గీత వరసలో, వీలైనంత ఎత్తులో పెట్టండి. ఫోన్లో సెకనుకి 120 లేదా 240 ఫ్రేములు తీసే వీలుంటే వాడండి. అన్నిటికంటే ముఖ్యం, ఒక పిక్సెల్ వెడల్పు గీత గీయకండి. మీ పొరపాటు ఎంతో అంత వెడల్పు పట్టీ గీయండి. బ్యాటు పట్టీలో పడితే "తెలియదు" అని రాయండి. మ్యాడెన్ వంకర గీత చూసి ఎవరూ మోసపోలేదు. తిన్నగా, నున్నగా ఉన్న నా గీత చూసి ముప్ఫైమంది మోసపోయారు, నాతో సహా.

ఆ తర్వాతి శనివారం నాన్నగారిని వెంటబెట్టుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళాను. లాప్‌టాప్ తెరిచి రెండు గీతలూ చూపించి, "తప్పు నాది బాబాయ్, క్షమించండి" అన్నాను. ఆయన శ్రద్ధగా చూశారు. చివరికి నాటౌటేనా అని అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"నేను చూసింది నేను చెప్పాను అబ్బాయ్. నువ్వు లెక్క కట్టింది చూసినట్టు చెప్పావు. అదొక్కటే బాధ కలిగింది," అన్నారు. కాఫీలు వచ్చాయి. తెనాలి కాలవ మీద నీటి పంపకాల గురించి ఆయనా నాన్నగారూ రెండు గంటలు మాట్లాడుకున్నారు.

సరిచేసిన వీడియోని కూడా అందరికీ పంపించాను. మొదటిదాన్ని చూసినంతమంది దాన్ని చూడలేదు. బాబాయ్ మళ్ళీ తెల్లకోటు వేసుకోలేదు. ఆట చూడటానికి మాత్రం అప్పుడప్పుడు వస్తారు. మడత కుర్చీ తెచ్చుకుని, సరిగ్గా క్రీజు వరసలో వేసుకుని కూర్చుంటారు.